ఇరవై అయిదో పేజీ

"ఏమమ్మా, ఈ బుక్కు మా వదినకు ఇమ్మని ఎవురు చెప్పినారు నీకు? ఆఖర్లో ఆ పిల్లను సంపేసినారు. మా వదిన రెండు దినాలు అన్నం తినల్యా!"

కౌంటరు మీద నవల దబ్బున పడింది. ఉలిగమ్మ తలెత్తి చూసింది. ఎదురుగా ఒక కుర్రాడు, చంకలో పట్టుచీరల మూట, నుదుటి మీద చెమట, ముఖం నిండా కోపం. కోపం సరే, కళ్ళు కూడా కాస్త ఎర్రగా ఉన్నాయి. వదిన ఏడిస్తే మరిది కళ్ళెందుకు ఎర్రబడ్డాయని ఉలిగమ్మ అప్పుడే అడిగి ఉంటే ఈ కథ ఇంతదూరం వచ్చేదే కాదు.

"నేనియ్యలేదప్పా. నేను లేనప్పుడు మా నాయన ఇచ్చింటాడు. ఆయప్పకు అట్ట మీద బొమ్మ బాగుంటే సాలు, లోపల ఎవురు సచ్చినా పట్టదు. మీ వదినకు ఎట్లాటి కతలు ఇష్టం?"

"ప్రేమ కతలు."

"ప్రేమ కతల్లో ఎన్ని రకాలున్నాయో తెలుసునా నీకు?"

హిందూపురం రైల్వే స్టేషన్ రోడ్డులో వెంకటస్వామి అద్దె లైబ్రరీ అంటే, తొంభై ఏడులో, నవలలు చదివే వాళ్ళందరికీ తెలుసు. పేరు నాయనది, పెత్తనం కూతురిది. డిగ్రీ అయ్యాక ఆమె అక్కడ కూర్చుని చేసిన మొదటి పని, ప్రేమలన్నిటినీ విడదీసి సర్దడం. కొట్లాటతో మొదలై పెళ్ళితో ముగిసేవి కిటికీ పక్కన. హత్య చేసిందెవరో తేలితే గానీ హీరో నోరు విప్పని డిటెక్టివ్ ప్రేమలు తలుపు దగ్గర. రాజుల కాలం ప్రేమలు, డాక్టర్ల ప్రేమలు, పెళ్ళయిన పదేళ్ళకు మొదలయ్యే ప్రేమలు వేరేవేరేగా. ఏడుపు ప్రేమలు మాత్రం అడుగు అరలో. అడిగితేనే తీసిచ్చేది, అదీ మనిషి ముఖం చూసి.

టీచరు సుశీలమ్మ ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, అటూ ఇటూ చూసి, దెయ్యమై తిరిగొచ్చిన ప్రేమికుడి కథ అడిగేది. జ్వరమొచ్చి లేచిన వాళ్ళకు ఉలిగమ్మ నవ్వుల ప్రేమ ఇచ్చేది. అత్తతో పోట్లాడి వచ్చిన కోడలికి ఏమిచ్చేదో మనకెందుకు గానీ, మరుసటి వారం అత్తే వచ్చి రెండో భాగం అడిగేది.

ఇన్ని చదివిన పిల్లకు ఒక్కటే దిగులు. ఏ నవలలోనూ హీరోయిన్ పేరు ఉలిగమ్మ కాదు. ఉలిగమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టిందని నాయన ఆ పేరు పెట్టాడు. అమ్మవారికి అది నిండైన పేరే. కానీ వానలో గొడుగు పట్టుకుని ఎవరైనా "ఉలిగమ్మా, నువ్వంటే నాకు ప్రాణం" అంటారా? ప్రేమ అనేది తాను కౌంటరు మీదుగా ఇతరులకు అందించే వస్తువే తప్ప తనకోసం రాసింది కాదని ఆమె ఎప్పుడో తేల్చేసుకుంది. పైకి నవ్వుతూనే ఉండేది. లోపల మాత్రం నొప్పిగానే ఉండేది.

"ఇది తీసుకుపో," అని కిటికీ పక్కనుంచి ఒకటి తీసిచ్చింది. "ఎవురూ సావరు. సభ్యత్వం ఎవరి పేరు మీద రాయల్ల?"

"వదిన పేరే రాయి. యల్లక్క, ధర్మవరం. నేను తిరుపాల్. ప్రతి గురువారం చీరల మూట వేసుకుని ఈడికి వస్తాంటా."

అద్దె పుస్తకాలు చదివేవాళ్ళకు ఒక అలవాటుంది. మనసులూ వెన్నెలలూ మల్లెలూ కలిపి పెట్టిన ఆ పేర్లలో ఏది చదివామో ఏది చదవలేదో గుర్తుండదు. అందుకే ఒక్కొక్కరూ ఒక పేజీ ఎంచుకుని, దాని మూల పెన్సిలుతో తమ గుర్తు పెట్టుకుంటారు. సుశీలమ్మది ఏడో పేజీలో చిన్న చుక్క. యల్లక్క ఖాతాలో పోయిన పుస్తకాలన్నీ ఇరవై అయిదో పేజీలో బుల్లి మామిడి పిందెతో తిరిగొచ్చాయి. చీర మీద నేసే పిందె. లోపల అక్కడక్కడా సన్నని గీతలు కూడా. 'అడగకపోతే చెప్పలేదు, చెప్పకపోతే తెలియలేదు' అన్న చోట గీత. వాన వెలిశాక ఇద్దరూ మాట్లాడకుండా నడిచే చోట గీత. ఉలిగమ్మ చదివేటప్పుడు ఆగిపోయేది సరిగ్గా అక్కడే. చూడని మనిషి మీద అంత ఇష్టం ఎట్లా పుట్టిందో ఆమెకే తెలియదు.

"ఏమంటాది యల్లక్క?" అని గురువారం గురువారం అడిగేది.

"ఆ హీరో ఉత్త తిక్కోడంట. ఆ పిల్ల అంత నోరు తెరిచి చెప్పినా అర్థం కాలేదంట."

"మరి నువ్వేమంటావు?"

"నాకేం తెలుసునమ్మా! నేను మూటలు మోసేటోన్ని," అని తిరుపాల్ చీరల మూట సర్దుకునేవాడు. చెవులు మాత్రం ఎర్రబడేవి.

ఆరు నెలలు అట్లాగే గడిచాయి. గురువారం వస్తే ఉలిగమ్మ చూపు రోడ్డు మీదే. అప్పుడొచ్చింది మడకశిర సంబంధం. అబ్బాయికి కరెంటాఫీసులో ఉద్యోగం, వచ్చే నెల మొదటి ఆదివారం చూసుకోవడానికి వస్తామన్నారు. వంక పెట్టడానికి ఏమీ లేదు. నాయనతో చెప్పడానికి నోరు రాలేదు, తిరుపాల్‌తో చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఇంక మిగిలింది యల్లక్కే. ఒక కాగితం రాసి, కొత్త నవలలో, ఆ పిందె పెట్టే ఇరవై అయిదో పేజీ దగ్గరే దాచి ఇచ్చింది.

తర్వాతి గురువారం తిరుపాల్ రాలేదు. ఆ తర్వాతి గురువారమూ రాలేదు.

'యల్లక్కకు కోపమొచ్చింది. వాన్ని రావద్దనింటాది,' అనుకుంది ఉలిగమ్మ. ఆ వారమంతా ఎవరేమడిగినా అడుగు అరలోంచే తీసిచ్చింది.

"చూపులకు మంచి చీర కావల్ల, ధర్మవరం పోయొస్తాం," అన్నాడు నాయన.

"నేనూ వస్తా నాయనా. ఆడ ఒక బుక్కు వసూలు చేయల్ల. వాళ్ళింట్లో చీరలు కూడా నేస్తారు."

పెనుకొండ దాటేసరికి రైలు కిటికీలోంచి జల్లు కొట్టింది. నవలల్లో అయితే ఇక్కడొక పేజీ వర్ణన ఉంటుంది. ఉలిగమ్మ ఓణీ కొంగుతో ముఖం తుడుచుకుని, నా కాగితం నాకిచ్చేయమని అడిగితే సాలు అనుకుంటూ కూర్చుంది.

ఆ ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. కొత్త పోగులు ఎక్కిస్తున్నారు. పాత పోగు కొసకు కొత్త పోగు కొస ఒక్కొక్కటే మెలేసి అతకాలి, వేల పోగులు, రెండు రోజుల పని. యల్లక్క చేతులు ఆ పనిలో ఉన్నాయి. నాయనను అరుగు మీద చీరల ముందు కూర్చోబెట్టి, ఉలిగమ్మ లోపలికొచ్చింది.

"నేను హిందూపురం లైబ్రరీ ఉలిగమ్మను అక్కా."

యల్లక్క ముఖం విప్పారింది. "నువ్వేనా తల్లీ! దేవుడు పంపినట్ల వచ్చినావు. ఆ కతలో పిల్ల ఏమాయనో నువ్వన్నా చెప్పు, నీకు పుణ్యముంటాది."

"నువ్వు చదవలేదా అక్కా?"

"నాకు చదువు యాడిది? ఏలిముద్ర మనిషిని. మా తిరుపాలే చదువుతాడు, నేను పోగులు అతుక్కుంటా ఇంటా. మొన్న వాడు ఎప్పుడూ పిందె గీసే పేజీ కాడికొచ్చి, ఏం పురుగు కుట్టెనో, టపుక్కున మూసేసినాడు. అప్పట్నుంచి కతా లేదు, సరిగ్గా కూడూ తినడు. మూట గూడ వాళ్ళన్నే మోస్తాండాడు."

ఉలిగమ్మ ఆరు నెలల లెక్క మళ్ళీ వేసుకుంది. పిందెలు వాడివి. గీతలు వాడివి. రెండు దినాలు అన్నం తినంది కూడా వాడే!

నీళ్ళ బిందెతో పెరటి వాకిట్లోంచి తిరుపాల్ వచ్చాడు. ఆమెను చూసి అక్కడే నిలబడిపోయాడు.

"అబద్ధాలకోరు!" అంది ఉలిగమ్మ. కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఆరు నెలలు! వదినకు అది నచ్చింది, వదినకు ఇది నచ్చలేదు..."

"మొగోడు ప్రేమ కతలు సదువుతాడంటే నవ్వుతారని, మొదటి రోజు నోటికొచ్చింది చెప్పినా. ఆపైన దాన్ని వెనక్కి తీసుకోను తెలీలేదు ఉలిగమ్మా."

"నా కాగితం చదివినావు గదా? అది నీకు రాయలేదు, అక్కకు రాసినా."

"సగమే చదివినా." బిందె దించి, గూట్లోంచి నవల తీశాడు. కాగితం అక్కడే ఉంది. "మడకశిరోళ్ళు వస్తాండారని ఉండాది. ఆ కింద 'మీ మరిది' అని కనపడింది. ఆడ మూసేసినా. రావద్దని చెప్పమంటావేమో అని. ఆఖరు ఎట్లుంటాదో తెలీకుండా ముందుకు పోను నాకు ధైర్యం చాలల్యా."

"నాకు రాసిన జాబు నాకు ఇనిపియ్యకుండా ఇద్దరూ గొడవేంది?" అంది యల్లక్క. "ఎవురో ఒకరు సదవండి. నా చేతులు ఖాళీ లేవు."

తిరుపాల్ పుస్తకం చాచాడు. బయట అరుగు మీద నాయన ఉన్నాడు, తలుపు తెరిచే ఉంది. చించేసి వెళ్ళిపోవచ్చు. ఎందరికో ధైర్యం చెప్పి ప్రేమ కథలిచ్చిన పిల్ల, తనది తాను చదువుకోలేదా? ఉలిగమ్మ కాగితం విప్పింది. అరుగు దాకా వినబడేలా చదివింది.

"'...పిల్లోడు మంచోడేనంట అక్కా. కానీ గురువారం వస్తే నా చూపు రోడ్డు మీదే ఉంటాది. మీ మరిది మనసులో ఎవరూ లేకుంటే నాకొక మాట చెప్పు. ఉంటే ఈ కాగితం పొయ్యిలో వెయ్యి. నిన్ను మాత్రం నేనెప్పటికీ అక్కా అనే అనుకుంటా.'"

యల్లక్క పోగు వదలకుండానే తల తిప్పింది. "ఏమబ్బా, ఉండారా ఎవరన్నా?" అంది మరిదితో.

"ఉండారు. ఉలిగమ్మ అని," అన్నాడు తిరుపాల్. "నాకిచ్చిన బుక్కులన్నింట్లో ఆ పేరు ఎతికినా వదినా. యాడా దొరకల్యా. ఆ ఒక్క లైబ్రరీలోనే ఉండాది."

ఉలిగమ్మ ఏడ్చేసింది. ఏ అరలో పెట్టాలో తెలియని ఏడుపు అది.

అరుగు మీంచి దగ్గు వినిపించింది. వెంకటస్వామి గడపలో నిలబడి ఉన్నాడు, చేతిలో మెరూన్ చీర. ఆయన తండ్రి కూడా మగ్గం మీద బతికిన మనిషే. నేలమీద పరచిన పోగులను కాసేపు చూశాడు, తరువాత కూతుర్ని చూశాడు.

"ఈ వీధిలో ఎస్టీడీ బూతు యాడుండాదప్పా?" అని తిరుపాల్‌ను అడిగాడు. "మడకశిరోళ్ళకు ఫోను చేయల్ల, రావద్దని. పాపం, వాళ్ళు మంచోళ్ళే." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "చీర మాత్రం కట్టి పెట్టండి. దానికి పని ఉండాది."

ఆయన వెళ్ళాక తిరుపాల్ వదిన ఎదురుగా కూర్చుని పోగు అందుకున్నాడు. అది రెండుసార్లు జారిపోయింది.

"సరే గానీ తల్లీ," అంది యల్లక్క, "ఆ కత ఆడనే నిలిచిపాయ. ఈ పిల్లను గూడ ఆఖర్లో సంపుతారా ఏంది?"

"సంపరు అక్కా. సూసే ఇచ్చినా," అంది ఉలిగమ్మ.

కళ్ళు తుడుచుకుని, గోడకానుకుని కూర్చుని, ఇరవై ఆరో పేజీ తిప్పి చదవడం మొదలుపెట్టింది.