రుచి చూసినవారు

ఊరు దాటి కాలువ వంతెన ఎక్కి దిగితే ముందు వాసన వచ్చేది, కంపెనీ తర్వాత కనిపించేది. మొదట వేయించిన గోధుమలు, వాటి వెనకే పుట్నాలు, ఆఖరున బెల్లం. బాన్సువాడ బస్సుల్లో పిల్లలు కిటికీల్లోంచి ముక్కులు బయటపెట్టి ఆ గాలిని లాక్కునేవాళ్ళు. అందరూ దాన్ని పిండి కంపెనీ అనేవాళ్ళు. 2004 నాటి మాట. అక్కడ తయారైన పిండి కిలో ప్యాకెట్లలో పెద్ద కొడప్‌గల్ నుంచి డోంగ్లి దాకా అంగన్‌వాడీలకు వెళ్ళేది. పొద్దున్నే గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చునే మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలు తినే పిండి అది.

నీల అక్కడ నాణ్యత చూసే ఉద్యోగి. ఇరవై మూడేళ్ళది. బోధన్‌లో బీఎస్సీ చదివింది. పాఠాల కంటే నినాదాలు ఎక్కువ నేర్చుకుంది. అద్దె గది గోడ మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో తానే రాసి అంటించుకున్న కాగితాలుండేవి. 'మౌనం కూడా నేరమే.' 'చెమట చిందించిన చేతిదే పేరు.'

ఆ రెండో కాగితం కింద పడుకుని లేచి వెళ్ళి, ఆమె రోజూ చేసే పని ఇదీ. తయారైన ప్రతి లాటుకూ, అంటే ప్రతి విడత పిండికీ, ఒక పాస్ చీటీ రాయాలి. తేమ, తూకం, వాసన, రుచి. అడుగున 'రుచి చూసినవారు' అని ఒక గీత. గీత మీద నీల సంతకం ఉండేది. రుచి చూసేది మాత్రం లింగవ్వ.

లింగవ్వకు యాభై దాటాయి. ముప్ఫై ఏళ్ళు బీడీలు చుట్టి చుట్టి వేళ్ళు వంగిపోయాయి. పని తగ్గాక కంపెనీకి వచ్చి, పిండి కలిపే గదిలో చేరింది. కలపడం అయ్యాక మూడు వేళ్ళతో ఇంత పిండి తీసి నాలుక మీద వేసుకునేది. చప్... చప్... అని రెండుసార్లు చప్పరించి, "మంచిగున్నది, రాసుకో బిడ్డా" అనేది.

"నువ్వు సూడవా?" అని ఒకసారి అడిగింది.

"నాకు తీపి పడది లింగవ్వా."

"అబ్బో! సదువుకున్న నాలుక. నాది జూడు, జర్దా తిని తిని చెప్పు అట్ట లెక్క అయింది. అయినా బెల్లం తక్కువైతే పట్టేస్తది." నవ్వి చేతులు దులుపుకుంది. "నాలుక నాది, పేరు నీది. మంచిగనే ఉన్నది బేరం!"

నీల కూడా నవ్వింది. సంతకం పెట్టింది.

పిండిలో ఆఖరున కలిపేది విటమిన్ల పొడి. అందరూ దాన్ని మందు అనేవాళ్ళు. గోదాములో గోధుమ సంచులకు పురుగు పట్టకుండా పెట్టే బూడిదరంగు గోలీలను కూడా మందు అనే అనేవాళ్ళు. మన నోట్లో జ్వరానికీ మందే, పురుక్కీ మందే. ఆ జూలైలో ఒక మంగళవారం, గోదాము ఊడ్చినవాళ్ళు పగిలిన గోలీల పొడిని ఎత్తి ఖాళీ విటమిన్ డబ్బాలో పోశారు. దాని మీద కాగితం చింపలేదు. మర్నాడు ఎవరో ఆ డబ్బాను కలిపే గదిలో పెట్టారు.

"మందు కలిపినవా లింగవ్వా?" అని సూపర్‌వైజర్ బయటి నుంచే అరిచాడు.

"కలిపిన!"

కాసేపటికి లింగవ్వ నీల టేబుల్ దగ్గరకు వచ్చింది. "బిడ్డా, నలభై ఒకటో లాటు ఎల్లిగడ్డ వాసనొస్తుంది. రెండుసార్లు సూసిన. నాలుక మండుతుంది. జర నువ్వొచ్చి సూడరాదు?"

నీల ఏదో పుస్తకం చదువుతోంది. లాటుకొకసారి లేవడం ఎందుకని సోమవారమే వారం చీటీలన్నిటి మీదా సంతకాలు పెట్టేసింది. తలెత్తకుండానే అంది.

"ఇంకోసారి చూడు లింగవ్వా."

లింగవ్వ వెళ్ళి ఇంకోసారి చూసింది. సాయంత్రానికి వాంతులు. తెల్లారేసరికి దవాఖానలో పోయింది.

గుండె ఆగిందన్నాడు సేటు మధుకర్. గురువారం కలిపే గదిలో నీలకు ఆ డబ్బా దొరికింది. మూత తీయగానే గుప్పున ఎల్లిగడ్డ వాసన, పచ్చి వెల్లుల్లి నలిపినట్టు. డబ్బా తీసుకుని నేరుగా ఆయన గదిలోకి వెళ్ళింది.

"సార్, ఇది విషం. లాటు మొత్తం తగలబెట్టాలి."

మధుకర్ డబ్బా మీది కాగితం చదివాడు. "విటమిన్ అని రాసుంది గదమ్మా. రిజిస్టర్ల ఏముంది? మందు కలిపినం అని ఉంది. మందే గదా కలిపింది!" తన మాటకు తానే నవ్వాడు.

"పిల్లలు తింటరు సార్!"

"ఎన్ని టన్నుల పిండిల ఇంత పొడి కలిస్తే ఏమైతది? ఐతారం ఐదింటికి లారీ వస్తుంది." డబ్బాను సొరుగులో పెట్టి తాళం వేశాడు. గొంతు తగ్గించాడు. "ఇగ ఒక్క మాట. చీటీ మీద నీ సంతకం ఉన్నది. లోపలికి పోవాల్సొస్తే ముందుగాల పోయేది నువ్వే. జర సోంచాయించు."

నీల ఆ రాత్రి జిల్లా ఆహార తనిఖీ అధికారికి ఉత్తరం రాసింది. మూడుసార్లు రాసింది, ఇంకా పంపలేదు. దోపిడీ, లాభాపేక్ష, పసివాళ్ళ కడుపు మీద వ్యాపారం. అన్నీ కణకణలాడే వాక్యాలు. మూడింటిలోనూ మధుకర్ ఉన్నాడు, సూపర్‌వైజర్ ఉన్నాడు. 'ఇంకోసారి చూడు' అన్న మనిషి లేదు.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ముసురులో తడుస్తూ కంపెనీకి వచ్చింది. సేటు పెళ్ళికి వెళ్ళాడని తెలుసు. కావాల్సినవి రెండు. నలభై ఒకటో లాటు ప్యాకెట్ ఒకటి, ఆ లాటు చీటీ. ప్యాకెట్ అధికారికి. చీటీ పొయ్యిలోకి.

వాచ్‌మన్ ముత్యం చిన్న తలుపు తీశాడు. "ఐతారం నాడు ఏం పని బిడ్డా? కరెంటు గూడ లేదు. నాలుగింటికి గానీ రాదు."

"నా పుస్తకం మర్చిపోయిన తాతా. లోపల ఎవరన్న ఉన్నరా?"

"ఎవరుంటరు? ఎలుకలు ఉన్నట్టున్నయి." అతను గొడుగు సర్దుకున్నాడు. "మొన్నటి సంది ఒకటే చప్పరిస్తున్నయి."

గోదాము షట్టర్లన్నీ దించి ఉన్నాయి. బయట పగలు. లోపల రేకుల సందుల్లోంచి దారాల్లా పడుతున్న నాలుగు వెలుగు గీతలు తప్ప అంతా చీకటి. పైన రేకుల మీద వాన ఆగకుండా గింజలు పోసినట్టు కురుస్తోంది. వేయించిన గోధుమ వాసన గోడలకు పట్టి ఉంది. నీల గోడ తడుముకుంటూ తన టేబుల్ దగ్గరకు వెళ్ళింది. సొరుగు లాగింది. చీటీల కట్టను వెలుగు గీత కిందకు పట్టి వెతికింది. ముప్ఫై తొమ్మిది, నలభై... నలభై ఒకటి. రుచి: సరి. వాసన: సరి. కింద గుండ్రంగా, అందంగా తన సంతకం.

చీటీని మడిచి జాకెట్లో దోపుకుంది. ఇక ప్యాకెట్.

లాటు గోదాము చివర ఉంది. అట్టపెట్టెలు మనిషెత్తున వరసలు వరసలుగా పేర్చి ఉన్నాయి. వరసల మధ్య ఒక్క మనిషి నడిచేంత సందు. మొదటి వరస దాటింది. రెండోది దాటింది. గోధుమ వాసన పోయింది.

ఎల్లిగడ్డ.

కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మందు ఆవిరి, అంతే, అనుకుంది. తడికి ఆవిరి లేస్తుంది, కెమిస్ట్రీ చదివిన మనిషివి, భయపడకు. ఒక పెట్టె చింపి ప్యాకెట్ చేతిలోకి తీసుకుంది. చల్లగా ఉంది.

చప్... చప్...

ఆగిపోయింది.

ఎలుకలు. ముత్యం చెప్పాడుగా.

చప్... చప్... వరసకు అవతలి వైపు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ చప్... చప్... ఒక అడుగు ఇటుగా. ఒక్కో ప్యాకెట్ దగ్గరా ఆగి, తీరిగ్గా, పని చేసే మనిషి పని చేసుకుంటూ వస్తున్నట్టు. ఎలుకలు లెక్కగా చప్పరించవు. ప్రతిసారీ రెండే.

నీల వెనక్కి అడుగు వేసింది. వీపుకు పెట్టెలు తగిలాయి. వచ్చిన దారి ఎటో తెలియలేదు. వాన చప్పుడు కూడా ఎక్కడో దూరంగా వినిపిస్తోంది...

చప్... చప్...

చెవి పక్కనే.

"బిడ్డా..."

ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా భయం వేసింది. రోజూ పిలిచినట్టే పిలిచింది. కాకపోతే నోటి నిండా పొడి ఉన్న మనిషి మాట్లాడినట్టు, మాట పొడిపొడిగా రాలుతోంది.

"ఇంకోసారి సూడమన్నవ్... సూస్తున్న... ఎన్నున్నయి బిడ్డా ఇంక?"

నీల ప్యాకెట్‌ను గుండెకు హత్తుకుంది.

"మందు కలిపిన అన్న... మందే అనుకున్న..." చప్... చప్... "నా నాలుకకు తెలుస్తలేదు బిడ్డా... జర నువ్వు సూడు..."

ఏదో పెదవులకు తగిలింది. పొడిగా, గరుకుగా ఉంది. వంగిపోయిన మూడు వేళ్ళు. వాటి నిండా పిండి. నీల పళ్ళు బిగించింది. వేళ్ళు తోయలేదు, బలవంతం చేయలేదు. అక్కడే ఉన్నాయి... పసిపిల్లకు ముద్ద పెట్టి నోరు తెరిచేదాకా ఓపిగ్గా ఆగినట్టు. పెదవుల సందులోంచి ఒక్క రేణువు నాలుక కొసకు అంటింది. మండింది.

"ఎట్లున్నది?... చెప్పు... రాసుకోవాలె గదా..."

జాకెట్లో చీటీ గుండెకు గుచ్చుకుంటోంది. గోడ మీది ఎర్ర అక్షరాల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. గొంతులోంచి ఒరుసుకుంటూ వచ్చినవి వేరే మాటలు.

"నేను చూడలే లింగవ్వా... ఏ ఒక్కరోజూ చూడలే... చూసిన అని రాసిన... నువ్వు రమ్మంటే రాలే..."

వేళ్ళు ఆగాయి.

"నేనే చెప్త. నా పేరు తోటే చెప్త."

తర్వాత వేళ్ళు పెదవుల మీది నుంచి మెల్లగా తొలగాయి. పక్క వరసలో మళ్ళీ మొదలైంది. చప్... చప్... ఇంకా చాలా ప్యాకెట్లు ఉన్నాయి కదా.

నీల పరుగెత్తింది. పెట్టెలు కూలాయి, మోకాలు చీరుకుపోయింది, తలుపు ఎలా దొరికిందో తెలియదు. ముత్యం ఆమె ముఖం చూసి గొడుగు కింద పడేశాడు. "ఏందమ్మా, మూతికి గా పిండేంది?" ఆమె నల్లా కింద తల పెట్టి నోరు కడుక్కుంది, పుక్కిలించింది, మళ్ళీ కడుక్కుంది. తర్వాత రోడ్డు మీది ఎస్టీడీ బూత్‌కు నడిచింది. తనిఖీ అధికారి రాజేశ్వర్ ఇంటి నంబర్ గురువారం నుంచీ ఆమె దగ్గర ఉంది.

"ఎవరు మాట్లాడేది?" అన్నాడాయన.

"చీటీ మీద సంతకం పెట్టిన మనిషిని సార్."

నిజామాబాద్ నుంచి జీపు వచ్చేసరికి ఐదున్నర దాటింది. లారీ సగం నిండి ఉంది. రాజేశ్వర్ లోడు మొత్తం దింపించి గోదాముకు సీలు వేశాడు. పెళ్ళి నుంచి ఉరికొచ్చిన మధుకర్ నీలను చూసి, "నిన్ను నువ్వే ముంచుకున్నవ్ పో" అన్నాడు. ఒక్క ప్యాకెట్ కూడా గేటు దాటలేదు.

సోమవారం పొద్దున నిజామాబాద్‌లో ఆయన ఆఫీసులో కూర్చుంది. చీటీ బల్ల మీద ఉంది.

"సంతకం నీదేనా?"

"నాదే సార్."

"నీ మీద గూడ కేసైతది. తెలుసు గదా?"

"తెలుసు. కానియ్యండి."

ఆయన పట్టుకొచ్చిన ప్యాకెట్లలో ఒకదాన్ని త్రాసు మీద పెట్టాడు. కిలోకు ఇరవై గ్రాములు తక్కువ. రెండోది పెట్టాడు. అంతే తక్కువ. మూడోది, నాలుగోది. "తూకంల గూడ కొట్టిండా మీ సేటు?"

"లేదు సార్. తూకం నేనే చూసిన." నీల తల దించుకుంది. "అది మాత్రం నేనే చూసిన."

రాజేశ్వర్ సీళ్ళు తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా చెక్కు చెదరలేదు. కత్తెరతో ఒక ప్యాకెట్ పైభాగం కత్తిరించాడు. సాపుగా ఉండాల్సిన పిండి మీద, నడిమధ్యన, మూడు వేళ్ళతో తీసుకున్నట్టు గుంట ఉంది. ఇంకోటి కత్తిరించాడు. అదే గుంట.

ఆయన కత్తెర చేతిలో పట్టుకునే లేచి వెళ్ళి బీరువా తెరిచాడు. రిపోర్టుల కోసం ఆగిపోయిన పాత శాంపిళ్ళు అందులో దుమ్ము పట్టి ఉన్నాయి. అడుగు అరలోంచి ఒక డబ్బా తీశాడు. ఇంకో జిల్లా, ఇంకో కంపెనీ, పాలపొడి; అది తాగి ఒక పసిపిల్ల పోయిందని వచ్చిన ఫిర్యాదు. రెండేళ్ళ కిందటి లక్క సీలు చెక్కు చెదరలేదు. దాన్ని పగలగొట్టి మూత తీశాడు. లోపలికి చూసి, అలాగే నిలబడిపోయాడు.

నీల లేచి ఆయన భుజం మీదుగా చూసింది.

పొడి మీద మూడు వేళ్ళతో తీసుకున్న గుంట ఉంది. ఆ వేళ్ళు చాలా చిన్నవి.