ఇరవై నిమిషాల పొద్దు

2009 సెప్టెంబరు 5న కడప రైల్వే స్టేషన్‌లో ఏజెంట్ కంబన్నను సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చి చంపారు. అతని సాక్స్‌లో ఒక ప్రింటవుట్ దొరికింది. ప్రశ్న టైపు చేస్తే లెక్కగట్టి జవాబిచ్చే అమెరికా వెబ్‌సైటు ఒకటి మే నెలలో వచ్చింది. ప్రింటవుట్ దానిదే.

ప్రశ్న: 8/9/2009న కర్నూలులో సూర్యాస్తమయం ఎప్పుడు? జవాబు: 6.45.

కింద కంబన్న చేతిరాత. "అడిగింది శిల్ప. పేలుళ్ల ముఠా మనిషి. సైటు నెలను ముందు చదువుతుంది. ఇది ఆగస్టు 9 లెక్క. మనకు సెప్టెంబరు 8న పొద్దు గూకేది 6.25కే."

శిల్ప కూడా కంబన్న డిపార్ట్‌మెంట్ ఏజెంటే. హత్య జరిగినప్పటి నుంచి కనబడలేదు.

చీఫ్ రాఘవేంద్రప్రసాద్ బ్రీఫింగ్ నిమిషంలో ముగించాడు. "కర్నూలు పక్కన ఓర్వకల్లు దగ్గర మన రాకెట్ ఇంధనం డిపో ఉంది. గార్డులు నలుగురూ రంజాన్ ఉపవాసంలో ఉన్నారు. పొద్దు గూకగానే ఐదు నిమిషాలు ఇఫ్తార్‌కు గేటు వదులుతారు. బాంబు పెట్టడానికి ఆమెకు ఆ ఐదు నిమిషాలు చాలు. ప్రాణాలతో పట్టుకో."

"మాటియ్యలేను సార్," అన్నాడు ఉరుకుందప్ప. కంబన్నతో అతనిది పన్నెండేళ్ల జోడీ.

8న సాయంత్రం అతను లుంగీ కట్టి డిపో ముందు ఖర్జూరాల బండి పెట్టాడు. తక్కెడ కింద పిస్టల్. 6.25కు గార్డులు లోపలికి పోయారు. 6.30కు తిరిగొచ్చి గోడ చాటున నిలబడ్డారు.

సరిగ్గా 6.45కు గుట్ట వెనక నుంచి కారు వచ్చింది. అక్కడికి పొద్దు కనబడదు. శిల్ప నమ్మింది వాచీనే. పట్టుచీరలో, టిఫిన్ క్యారియర్‌తో దిగింది.

"యాడికి పోతాండావు మేడమ్? ఇఫ్తార్ అయిపోయి శానాసేపాయె."

గొంతు గుర్తుపట్టి తిరిగేసరికి గోడ మీద నాలుగు తుపాకులు.

"క్యారియర్‌లో బాంబు టైమర్ నొక్కినా ఉరుకుందప్పా. ఒక్క నిమిషముండాది. నన్ను వదిలితే కోడ్ చెప్తా."

అతను బేడీల ఒక కొస ఆమె మణికట్టుకు, రెండోది క్యారియర్ పిడికి వేశాడు.

"చెప్పొద్దులే. నువ్వే కొట్టుకో."

"పిచ్చోడా, నువ్వూ పోతావు!"

"పోతే కంబన్న దగ్గరికే గదా."

ఆమె మీటలు నొక్కింది. మొదటిసారి కోడ్ తప్పింది. రెండోసారి కొట్టాక అంకె ఆగింది. రెండు సెకన్లు.

అతను పిస్టల్ ఆమె నుదుటికి ఆనించాడు.

"కాల్చు," అంది.

ట్రిగ్గర్ మీద వేలు చాలాసేపు ఉంది. తర్వాత తీశాడు.

"కంబన్న వాళ్లమ్మ ఓబులమ్మ నిన్ను చూడాలంటాంది. కోర్టులో ప్రతి వాయిదాకూ ముందు వరసలో కూర్చుంటాది. ఆమె మొహం చూస్తా బతుకు."

జీపు ఎక్కిస్తూ ఇంకొక్క మాట చెప్పాడు.

"విడుదలెప్పుడో ఆ సైటునే అడుగు. ఈసారి నెల ముందు రాయి."