ఎంగిలిసూచి

2081లో కాకినాడలో కాఫీ తాగడమంటే పరీక్ష చేయించుకోవడమే. పెదవి తగలగానే గ్లాసు అంచు లాలాజలాన్ని చదివి, ఒంట్లోని గుట్టంతా దీపంతో బయటపెట్టేస్తుంది, అడిగితే నోరు విప్పి చెబుతుంది. గ్లాసులకు చాలాకాలం లొంగనిది పిత్తవాహిక క్యాన్సర్. కాలేయం నుంచి పిత్తరసాన్ని పేగులోకి చేర్చే ఆ సన్నని గొట్టంలో పుట్టి, కళ్లు పచ్చబడేదాకా కిక్కురుమనదు. అప్పటికి చేయి దాటిపోతుంది.

ఆ రోగం మొదట్లోనే రక్తంలోకి, అక్కణ్ణుంచి లాలాజలంలోకి వదిలే జీవసూచికలను, అంటే బయోమార్కర్లను, శాస్త్రవేత్త మోక్షిత ఏళ్ల తరబడి వెతికి పట్టుకుంది. వాటిని చదివే గ్లాసుకు 'ఎంగిలిసూచి' అని పేరు పెడితే, తను పనిచేసే సంస్థ పెద్దలు ముఖం చిట్లించారు. ఆవిడ పట్టిన పట్టు విడవలేదు. తనకొకటి, భర్తకొకటి ఆర్నెల్ల కిందటే ఇంటికి తెచ్చింది. రేపోమాపో అది ఇంటింటికీ వెళ్లాలి.

ఇంతలో ఆ గ్లాసు ఆవిడకే ఎసరు పెట్టింది. వారం రోజులుగా ఎర్రదీపం వెలిగిస్తోంది. స్కాన్ తీయించుకుంది, రక్తం ఇచ్చింది, పిత్తరసం కూడా పరీక్షకు పంపింది. ఎక్కడా ఏమీ లేదు. తను బాగుంటే గ్లాసు అబద్ధం, గ్లాసు నిజమైతే తన ప్రాణానికి ముప్పు. పాపం, ఆవిడకు అన్నం సయించడం లేదు.

"నీకేం కాదు, గ్లాసుకే పిచ్చెక్కింది" అంటూ భర్త రుత్విక్ రోజూ కాఫీ కలిపి తెచ్చిస్తూనే ఉన్నాడు. తను మాత్రం కాఫీ మానేసి ఆర్నెల్లయిందంటాడు.

ఆ ఉదయం మోక్షిత గ్లాసునే నిలదీసింది. "నిజం చెప్పు. నాకు జబ్బుందా?"

"మీకని నేను అనలేదు. నమూనాలో ఉందన్నాను. ఇందులో ఇద్దరి డీఎన్ఏ ఉంది."

"ఇన్నాళ్లూ చెప్పవేం?"

"ఒకరి గ్లాసులో ఇంకొకరు తాగరని నాకు నేర్పింది మీరే."

మోక్షిత భర్త వైపు తిరిగింది. ఆ ఇంట్లో ఉన్నదే ఇద్దరు.

"రుత్వీ, నా కాఫీ తాగుతున్నావా?"

"ఛ! మానేశాగా."

ఆవిడ కన్నార్పలేదు.

"రెండంటే రెండు గుక్కలు... చక్కెర సరిపోయిందో లేదోనని."

"నీ గ్లాసులో తాగి చావొచ్చుగా!"

"అది ఏం చెప్తుందోనని భయం, మోక్షీ. మా నాన్నకి ఇదేగా వచ్చింది. నీ గ్లాసైతే నా గురించి చెప్పదనుకున్నా."

"ఎర్రదీపం చూశాక కూడానా?"

"నీ పరీక్షలన్నీ బాగుండేసరికి గ్లాసుదే తప్పనుకున్నా. అలా అనుకోవాలనిపించింది."

"ఇది తొలిదశే" అని గ్లాసు కలగజేసుకుంది. "ఇప్పుడే ఆపరేషన్ చేయిస్తే నయమవుతుంది."

మోక్షిత భర్త వీపు మీద ఒక్కటిచ్చింది. మరుక్షణం అదే వీపును చుట్టేసి బావురుమంది. ఆ మనిషంటే ఆవిడకు ప్రాణం.

ఈసారి గ్లాసే అడిగింది. "ఇకమీదట ఇద్దరి ఎంగిలి కలిస్తే చదవడం మానేయమంటారా?"

"ఆ పని మాత్రం చెయ్యకు" అంది మోక్షిత కళ్లు తుడుచుకుంటూ. "భయస్తులు దొరికేది అక్కడే."