పాతవాసన

"చిన్నప్పుడు ఎక్కడ పెరిగారు?" అడిగింది నూకరత్నం.

"అరకులోనమ్మా, కాఫీ తోటల్లో" అన్నాడు సుదర్శనం, తడుముకోకుండా.

బల్ల మీది యంత్రం పచ్చగా వెలిగింది. ఆఫీసులో అందరూ దాన్ని పెద్దగుమాస్తా అంటారు. నిజం గుమాస్తా అయితే కనీసం టీకైనా లేచేవాడు. జ్ఞాపకాలు కడిగేసి కొత్తగతం ఎక్కించిన మనుషుల్లో పాతవాసన మిగిలిందేమో చూడటం నూకరత్నం ఉద్యోగం. మిగిలితే ఎర్ర బొత్తాం నొక్కాలి, మనిషిని మళ్లీ కడుగుతారు. ఎందుకు కడిగారో, అంతకుముందు అతనెవరో అడగకూడదు.

తలుపు సరిగ్గా పడక వరండాలోని గోలంతా లోపలికొస్తోంది. "నేను వేస్తానుండమ్మా" అంటూ సుదర్శనం లేచాడు. ఇనుప తలుపును పిడికిలితో రెండుసార్లు తట్టి, చెవి ఆనించి విన్నాడు. ఆ తర్వాతే మూశాడు.

నూకరత్నానికి ఆ తట్టడం తెలుసు.

అలా మూసేది ఉప్పెనకి అడ్డంగా కట్టిన సముద్రపు గోడ గేటువాళ్లే. అవతల ఎవరైనా ఉంటే తిరిగి తడతారు. తడితే గేటు వెయ్యకూడదు. ఉప్పెన రోజు ఆమె తల్లి చేపల గంపతో అవతలే ఉండిపోయింది. గేటుమనిషి పారిపోయాడనీ, గేటు దానంతటదే పడిందనీ అధికారులు తేల్చేశారు. నూకరత్నం నమ్మలేదు. గేటువాళ్లందరినీ వెతికి అడిగింది. ఆనాటి డ్యూటీ మనిషి ఒక్కడే దొరకలేదు.

"తలుపెందుకు తట్టారు?"

"తట్టానా?" తన పిడికిలి కేసి అయోమయంగా చూసుకున్నాడు. "ఏమోనమ్మా."

"పాతవాసన అనుమానం. బొత్తాం నొక్కండి" అంది పెద్దగుమాస్తా.

నొక్కితే రేపటికి ఆ పిడికిలి కూడా మరిచిపోతుంది. వీడే అమ్మను ముంచాడేమో! వేలు బొత్తాం దాకా వెళ్లింది. కానీ తెలియకుండా ఎన్నాళ్లని బతకడం? ఆమె లేచి వరండాలోకి వెళ్లి తలుపు మూసింది. బయటినుంచి రెండుసార్లు తట్టింది.

లోపల కుర్చీ పడింది.

"ఉన్నారు సారూ! అవతల మనుషులున్నారు!" సుదర్శనం గొంతు బొంగురుపోయింది. "నేను వెయ్యను. నన్ను చంపీసినా వెయ్యను. మీరూ ముట్టకండి సారూ, చెయ్యి తియ్యండి!"

నూకరత్నానికి ఏడుపు ఆగలేదు. ఆ రోజు గేటు దగ్గరున్నది ఇతనే, కానీ వేసింది ఇతను కాదు, ఆ సారెవరో. ఎవరు వేశారో చెప్పగలిగినవాడు ఇతనొక్కడే.

ఆమె తలుపు తోసి లోపలికి అడుగుపెట్టబోయింది. ఎవరూ నొక్కకుండానే ఎర్ర బొత్తాం వెలిగి, సైరన్ మోగింది. "మనిషిని కడగడానికి గది మూస్తున్నాం, పక్కకు జరగండి" అంది పెద్దగుమాస్తా. ఇనుప తలుపు దానంతటదే కదిలింది.

నూకరత్నం గడపలోనే నిలబడి, తలుపుకి వీపు అడ్డం పెట్టింది. వరండాలో జనమంతా ఇటే చూస్తున్నారు.

"వెయ్యడానికి వీల్లేదు" అని అరిచింది. "ఇక్కడ మనుషులున్నారు."