బాపు పలకని పొద్దు

పసుపు ఉడికే కాలం. పొద్దున్నే ఆర్మూరు మీద పచ్చి వాసన కలిసిన ఆవిరి పరుచుకుని, ఊరంతా ఇంకా కలలోనే ఉన్నట్టుంది.

పూజితకు సర్దుడు పిచ్చి. డబ్బాలకు చీటీలు అంటిస్తే గానీ పప్పు కూడా వండని మనిషి. ఊరివాళ్లు తమ పెద్దల ఫొటోలు, మాటలు దాచుకోవడానికి ఒక వెబ్‌సైట్ నడుపుతోంది. జనం ఎక్కించిన ఫైళ్ల పేర్లు చూస్తే ఆమెకు తల తిరిగేది. ఒకటి 'మా తాత', ఇంకొకటి 'మా తాత మళ్ల', మరొకటి 'గిదే మంచిగుంది'! నిన్న పట్టుబట్టి కూర్చుని అన్నిటికీ ఊరు, ఇంటిపేరు, తేదీ వచ్చేలా పేర్లు మార్చేసింది. పాత పేర్లు ఉంచాలా అని కంప్యూటర్ అడిగితే 'వద్దు' నొక్కి, హాయిగా నిద్రపోయింది.

తల్లి లసుమవ్వ అరుగు మీద కూర్చుని, రోజూలాగే ఫోనుకు చెప్పింది. "పసుపు ఉడకవెట్టిన నాడు."

రోజూ ఆ మాటకు భర్త గంగాకిషన్ గొంతు పలికేది. ఆయన పోయి ఏడాదైంది. రాయడం రాదు గనక, చేను, ఇంటి ముచ్చట్లన్నీ సాయంత్రాలు ఫోనులోనే చెప్పుకునేవాడు. వాటిని వెబ్‌సైట్‌లో ఎక్కించి పేర్లు పెట్టుకుంది లసుమవ్వ. ఇవాళ ఏమీ దొరకలేదంది ఫోను.

"పూజితా! మీ బాపు పలుకుతలేడే!"

"పేర్లు మార్చిన అమ్మా. తేదీ చెప్పు, వస్తది."

"నాకు తేదీలు ఎర్కనా? ఎడ్లు అమ్మిన నాడు, మక్కలు తడిసిన నాడు, గదే నా లెక్క. పాత పేర్లే మళ్ల పెట్టు."

"అవి పోయినయ్. అందరియి ఒక్క తీరుగ ఉండాలె గద. ఎవరికి తోచింది వాళ్లు పెడితే సైటు నడుస్తదా?"

"నడవకుంటే నడవకపాయె! గన్ని ముచ్చట్లు చెప్పిండు మీ బాపు. పేర్లు మార్చెటప్పుడు ఒక్కటన్న విన్నవా?"

పూజిత ఒక్కటీ వినలేదు. ఆ గొంతు వింటే తట్టుకోలేనని భయపడి, తేదీలు మాత్రం చూసి సర్దేసింది. కళ్లు తుడుచుకుని వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"నువ్వు విని చెప్పమ్మా. నేను రాస్త. తేదీ పక్కన మీ పేర్లకు గూడ జాగ పెడ్త."

ఒక్కొక్కటే వింటున్నారు. బాపు గొంతు ఆవిరిలో తేలుతూ వాకిలంతా తిరుగుతోంది. టీ చల్లారింది. వినగానే లసుమవ్వ పేరు చెప్పేస్తోంది. అప్పుడొచ్చింది ఒకటి.

"బస్సు కదిలింది. పిల్ల సదువుకు పట్నం పాయె. ఎనకకు సూడలే. మంచిగైంది. సూస్తే నేను ఏడ్సుడు కనవడుతుండె."

పూజిత తల్లి ఒళ్లో వాలిపోయింది. "అప్పుడు నేను గూడ ఏడుస్తుంటినే... గందుకే సూడలే."

లసుమవ్వ ఆమె తల నిమిరింది. "గిదొక్కదానికి నేను పేరు వెట్టలే బిడ్డా. ఎప్పటికన్న ఇంటవు, నువ్వే పెడ్తవని ఉంచిన."

పూజిత ఫోను దగ్గరికి తీసుకుంది. "ఇద్దరం ఏడ్సిన నాడు" అంది. ఫోను రాసుకుంది.

తల్లి లాగే అరుగు మీద సర్దుకుని కూర్చుని, మళ్లీ అదే పేరు పిలిచింది. ఈసారి బాపు పలికాడు.