తలకిందులుగా పది నిమిషాలు

బోయిగూడలోని ఆ మేడ మీది గదిలో తెల్లవారి ఆరున్నరకు పెద్దాయన పర్వతాలు శీర్షాసనం వేసి ఏడు నిమిషాలు దాటింది. డెబ్బై రెండేళ్ల దేహం గోడ ఆసరా లేకుండా నిటారుగా నిలిచి ఉంది. కూతురు స్వర్ణలత రోజూలాగే ఫోన్‌లో వీడియో తీస్తోంది. ఎందుకో ఆ నిశ్చలత ఆమెకు ఆ రోజు నచ్చలేదు. తండ్రి కళ్లు తెరిచే ఉన్నాయి. ఎర్రగా, దేన్నీ చూడనట్టుగా.

"స్వర్ణా, జెర కిందికి రా" అని తల్లి కాంతమణి పిలిచింది.

వంటింట్లో ఆమె బియ్యం ఏరుతూ, తలెత్తకుండానే అంది. "నిన్న మోండా మార్కెట్ల మీ నాయిన కూరగాయల బండికి గుద్దుకుండు. పక్కకెల్లి వస్తుంటే కనవడలేదంట. నీకు చెప్పొద్దన్నడు."

చేట కింది నుంచి ఒక మడత కాగితం తీసి ఇచ్చింది. కంటి ఆసుపత్రి చీటీ, ఏడాది కిందటిది. గ్లకోమా, కంటిలో ఒత్తిడి పెరిగి పక్కచూపు మెల్లగా పోయే జబ్బు. కంటిలో ఒత్తిడి ఉన్నవాళ్లు తలకిందులు కారాదని స్వర్ణలత తన యోగా క్లాసులో మొదటి రోజే చెబుతుంది. చీటీ పట్టుకుని ఆమె మెట్లెక్కింది.

పర్వతాలు అప్పటికి చాప మీద కూర్చుని ఉన్నాడు.

"నాయినా, శీర్షాసనం వేస్తనని డాక్టరుకు చెప్పినవా?"

"ఆయన గది అడగలే. వ్యాయామం గిట్ల చేస్తవా అన్నడు. చేయనన్న."

"రోజూ తల మీద నిలవడుకుంట, చేయనన్నవా!"

"యోగం వ్యాయామమెట్లయితది బిడ్డా? కసరత్తు అన్నోళ్లను మా గురువుగారు చాప మీదికెల్లి లేపి పంపిచ్చెటోడు."

అందులో అబద్ధం లేదు, ఆయన నిజంగానే అలా నమ్మాడు. ఆమెను భయపెట్టింది అదే.

"మైసూర్ల నేర్చుకొనొచ్చిన ఆ గురువే, ఉబ్బసమున్న ఆమెను కుర్చీల కూసోవెట్టి నేర్పిండని నువ్వే చెప్పినవ్. మనిషిని చూసి ఆసనమిచ్చెటోడు, నిన్ను చూస్తే గిది ఇస్తుండెనా? ఎవరి కోసం నీకీ పంతం?"

గుమ్మంలోకి వచ్చి నిలబడిన కాంతమణి బదులిచ్చింది.

"ఎవరి కోసమా? నిరుడు దసరాకే ఇగ చాలు అన్నడు గదనే. నువ్వేమన్నవ్ అప్పుడు?"

స్వర్ణలతకు తన మాటలే వినిపించాయి. 'నూరేండ్ల కింద మైసూరు గురువులు సుత జనం ముందట ఆసనాలేసి చూపిచ్చే యోగాన్ని నిలవెట్టిండ్రు నాయినా. నా బ్యాచ్ నిండేదాక చెయ్యి.' ఆ వాదానికి తానే మురిసిపోయింది. బ్యాచ్ నిండింది. మరొకటీ నిండింది. ఆ వీడియోలు చూసి సీతాఫల్‌మండి నుంచి కూడా మనుషులు వస్తున్నారు. గురువులను సాక్ష్యానికి పిలిచింది తాను. తల నేలకానించింది ఆయన. జ్ఞానమనుకున్నది ఎన్నిసార్లు కేవలం తన అవసరమో, ఆమె ఏనాడూ తనను తాను అడగలేదు.

"మల్లొకసారి చెప్పొద్దా నాయినా?"

"నువ్వు సంబురంగున్నవ్" అన్నాడాయన. కిటికీ వైపే చూస్తూ మెల్లగా అడిగాడు. "పోయిన చూపు వస్తదా?"

రాదని ఆమెకు తెలుసు. ఆయన ఎడమ పక్కన కూలబడి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కొంతసేపటికి ఆయన, ఎదురుగా ఉన్న ఖాళీలోకి చూస్తూ, "స్వర్ణా, కోపమొచ్చి పోయినవా?" అన్నాడు.

ఆమె మూరెడు దూరంలోనే ఉంది.

"ఈడనే ఉన్న నాయినా."

ఆయన తల పూర్తిగా ఎడమకు తిప్పి ఆమె కోసం వెతికాడు. ఆ ముఖాన్ని ఆమె రెండు చేతులతో పట్టుకుంది.

"ఇయ్యాల క్లాసు లేదు. ఆసుపత్రికి పోదాం. డాక్టరుకు నేను చెప్తా."

"ఏమని చెప్తవ్ బిడ్డా?"

"నేనే చేయించిన్నని."