గోరువెచ్చని గీజరు

నా చేతిలో బాగుపడని గీజరు ఈ భూమ్మీద లేదు. నేను వీధి మలుపు తిరుగుతుండగానే, సంచిలో స్క్రూడ్రైవర్ చప్పుడు విని, మూలపడ్డ గీజర్లు వాటంతటవే పొగలు కక్కేవి. పాతికేళ్ల వయసులో నా పేరు అలా మోగిపోయేది.

అంత పేరున్న నన్ను ఆ ఇంటివాళ్లు ఒకే నెలలో నాలుగోసారి పిలిచారు. ఆ గీజరు బిగించిందీ నేనే.

బయట కుండపోత వాన. తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డాను. తలుపు తీసింది ఆ ఇంటమ్మాయి. ల్యాబ్‌లో ఉద్యోగం. కొలిచి చూడనిదే దేన్నీ నమ్మదు. ఒక చేతిలో థర్మామీటరు, ఇంకో చేతిలో టవల్.

"రండి మెకానిక్ గారూ. టవల్ సిద్ధంగా పెట్టా. ఇంట్లో మనిషైపోయారుగా!"

"ఈసారి గ్యారంటీ అండి."

"పోయినసారి ఇచ్చిన గ్యారంటీయే కొత్తగా ఉంది. ఇంకా వాడలేదు."

హాల్లో వాళ్ల నాన్న గట్టిగా తుమ్మాడు. "ఏమయ్యా, ఇదే ఆఖరు. ఇవాళ నీళ్లు కాగకపోతే వేరే మెకానిక్‌ని పిలుస్తా. నువ్విక ఈ గడప తొక్కక్కర్లేదు."

ఆ వచ్చేవాడికీ ఈ అమ్మాయే కదా తలుపు తీస్తుంది!

బాత్రూంలో నేను మెయిన్ ఆపి స్టూలెక్కాను. ఆమె టార్చి పట్టుకుంది.

"మొదటిసారి థర్మోస్టాట్ పోయిందన్నారు. రెండోసారి ఎలిమెంట్‌కి ఉప్పు పట్టిందన్నారు. మూడోసారి వోల్టేజ్ లేదన్నారు. ఇవాళ తప్పెవరిది? మా నాన్నదా?"

"ఆయన తుమ్ములకి పైపులు వదులవుతున్నాయేమో చూడాలండి."

పకపకా నవ్వింది. ఆ నవ్వుకి నా ఒళ్లంతా కాగిపోయింది గానీ, గీజరు నీళ్ల బకెట్లో ఆమె పెట్టిన థర్మామీటరు మాత్రం ముప్పై రెండు దగ్గరే మొరాయించింది.

మూత విప్పాను. చూశాను. మళ్లీ మూసేశాను.

"నా వల్ల కాదండి. వేరే అతన్నే పిలవండి. కాకపోతే... నన్ను కూడా అప్పుడప్పుడు రానివ్వండి. గీజరు కోసం కాదు."

ఆమె టార్చి గీజరు అడుగుకి తిప్పింది.

"ఆ నీలం రింగు దేనికండీ?"

"చన్నీళ్లు లోపలికి పోవడానికి."

"ఎర్రది?"

"వేడినీళ్లు బయటికి రావడానికి."

"మరి మీరు బిగించిందేంటి?"

చూద్దును కదా, రెండు పైపులూ తారుమారు! కాగిన నీళ్లలో చన్నీళ్లు కలిసిపోతుంటే ఎన్ని ఎలిమెంట్లు మార్చి ఏం లాభం? బిగించిన రోజు నా కళ్లు పైపుల మీద లేవు లెండి.

"మీకెప్పుడు తెలిసింది?"

"రెండోసారి మీరు వెళ్లాక. స్టూలెక్కి చూశా."

"చెప్పలేదేం?"

"చెబితే మూడోసారి వచ్చేవారా?"

పైపులు మార్చాను. కాసేపటికి బాత్రూంలోంచి, "అమ్మో, కాలింది!" అని ఆనందంగా ఓ కేక. పొగలు కక్కుతూ పెద్దాయన బయటికొచ్చాడు. మా మాటలన్నీ విన్నాడట.

"పెళ్లికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఈ జన్మలో నా గీజరు మీద చెయ్యి వెయ్యనని మాటివ్వు."

ఇచ్చాను. ఇప్పటికీ మా ఇంట్లో గీజరు మొరాయిస్తే స్క్రూడ్రైవర్ మా ఆవిడ చేతిలో ఉంటుంది. టార్చి పట్టడంలో మాత్రం నన్ను మించినవాడు లేడు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ వాన. ఆ రోజు మాడు పగిలే ఎండ. తడిసినవాణ్ణి చూస్తే జాలిపడుతుందని వాళ్ల గేటు పక్క కుళాయి కింద నేనే తల పెట్టాను.

టవల్ ముందే ఎలా సిద్ధంగా ఉందంటారా? కిటికీలోంచి చూసిందట.